సుగ్గి ఆదివారాలు

నాకు టీచరుద్యోగం వచ్చింది ఆదోని అవతల, ఒక పడమటి పల్లెలో. మా ఆయన, అత్తగారు, ఏడేళ్ళ కూతురు ఉండేది రాజంపేటలో. ఒకే రైలు, మధ్యలో మారే పని కూడా లేదని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ రైలు దిగినాక నాకొక ఒంటిగది ఉంటుందని, ఒక్కదానికే వండుకుంటే ఎంత కొలిచి పోసినా అన్నం మిగిలిపోతుందని ఆమెకేం తెలుసు.

గదిలో మాట్లాడే మనిషి లేరు. బడిలో మాట్లాడకుండా ఉండే మనిషి లేరు. నాలుగు, ఐదు తరగతులు రెండూ ఒకే గదిలో నాకు అంటగట్టారు. ఆ గోల కంటే ఆదోని పత్తి మార్కెట్‌లో వేలంపాట నయం. నేను నోరు మూయండని అరిచేదాన్ని, బెత్తంతో బల్ల మీద కొట్టేదాన్ని. కాసేపు ఆగేవాళ్ళు. బోర్డు వైపు తిరగగానే మళ్ళీ మొదలు. అరిచే కుక్క కరవదని వాళ్ళకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయి, తల పగిలిపోయేది. ఫోన్‌లో పాప కథ చెప్పమంటే, గొంతు లేదు తల్లీ, రేపు చెప్తా అనేదాన్ని. ఆ రేపు ఎప్పుడూ రాలేదు.

గోలకంతా పెద్ద దిక్కు ఒక ఐదో తరగతి పిల్ల. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఇంకో దారి. నేను ముందర భాగహారం చెప్తుంటే వెనక వరసలో ఆ పిల్ల పెళ్ళిపెద్దయి బొమ్మల పెళ్ళి నడిపించేది. వాళ్ళ తెలుగులో సగం కన్నడమే. నన్నేమంటున్నారో నాకు అర్థం కాదని ఆ పిల్లకు బాగా తెలుసు.

మా హెడ్మాస్టరు రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దాయన. ఒకరోజు నేను తలనొప్పి మాత్ర మింగుతుంటే చూసి, వాళ్ళ గోలలో నీ గొంతు కూడా ఒకటి కలుపుతాండావు, అంతే కదమ్మా అని, ఏం చేయాలో నాలుగు మాటల్లో చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. ఉచిత సలహాలకేం తక్కువ అనుకున్నాను. అయినా వేరే దారి లేక ఆయన చెప్పినట్టే చేసి చూశాను.

పొద్దున్నే గది తలుపు దగ్గర నిలబడి, లోపలికొచ్చే ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలిచి ఒక మాట అడగాలి. అన్నం తిన్నావా, మీ మేక ఈనిందా, ఏదో ఒకటి. గోల ఎక్కువైతే చెయ్యెత్తి ఊరక నిలబడాలి. అందరూ చేతులెత్తేదాకా నోరు తెరవకూడదు. ఒక తరగతికి పాఠం మొదలుపెట్టే ముందే ఇంకో తరగతి చేతికి పని ఇవ్వాలి. అల్లరి ఎవరిది ఎక్కువో పెత్తనం వాళ్ళకే అప్పజెప్పాలి. మొదటి రోజు నేను చెయ్యెత్తి నిలబడితే, మేడంకు ఏమో అయిందని పడీపడీ నవ్వారు. భుజం లాగింది గానీ చెయ్యి దించలేదు. చిన్నపిల్లల చేత ఎక్కాలు చెప్పించే పెత్తనం ఆ పిల్లకిచ్చాను. దసరా సెలవులయ్యేసరికి, నాకంటే ముందే ఆ పిల్ల చెయ్యెత్తేది, వెనకాలే గదంతా.

మాత్రలు కొనడం మానేశాను. ఈ ఉద్యోగం నావల్ల కాదని మా ఆయనతో పోట్లాడటమూ మానేశాను. రోజు మొత్తమ్మీద నాతో మనసు విప్పి మాట్లాడేది ఆ పిల్లే. సాయంత్రం బడికి తాళం వేసేదాకా వెంటే తిరుగుతూ నాకు కన్నడ మాటలు నేర్పేది. నేను తప్పు పలికితే కడుపు పట్టుకుని నవ్వేది. ఆ తర్వాత గదికి పోతే తెల్లారిందాకా గోడలే దిక్కు.

అంతలో సుగ్గి కాలం వచ్చింది. పత్తి తీయడం అయిపోగానే ఆ పడమటి పల్లెల జనం పిల్లాజెల్లాతో బండ్లెక్కి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. ఎండాకాలం దాకా తిరిగి రారు. పిల్లల్నైనా వదిలి పొండని బడిలోనే సుగ్గి నెలలకు హాస్టల్ పెడతారు. ఆ పిల్లను తీసుకుపోతే ఇక ఆరో తరగతిలో చేరదని హెడ్మాస్టరు చెప్పాడు. వాళ్ళక్క చదువు అట్లనే ఆగిపోయిందట.

వాళ్ళింటికి పోయాను. తల్లి మూటలు కడుతోంది. హాస్టల్లో తిండి, పడక, రాత్రి తోడుండే ఆయమ్మ, అన్నీ చెప్పాను. ఆమె అంతా విని, నాకు పిల్లలున్నారా అని అడిగింది. ఒక పాప, రాజంపేటలో నాయనమ్మ దగ్గరుంది, రెండు వారాలకోసారి శనివారం రైలుకు పోయి చూసొస్తాను అన్నాను. మూట కట్టడం ఆపి నా ముఖంలోకి చూసింది.

"అట్లయితే నీకు నేను చెప్పేదేముండాది మేడం. బడి ఉండే దినాలు ఎట్లో గడుస్తాయి. ఆదివారం వస్తే పిల్లోళ్ళంతా వాళ్ళ అవ్వల దగ్గరికి పోతారు. నా బిడ్డకు అవ్వ లేదు. ఆదివారాలు నువ్వు ఈడనే ఉంటానంటే ఇడిచిపెట్టి పోతా."

పిల్ల గడప మీద కూర్చుని ఉంది. గదినంతా ఒక్క చేత్తో నిలబెట్టే పిల్ల, నావైపే చూస్తోంది. ఉంటానన్నాను. ఆ పిల్ల చదువు కోసం అన్నానో, ఆ పిల్ల లేని బడిని తలుచుకుని భయపడి అన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను. రెండూ అయ్యుంటాయి.

శనివారం రైలు వేళకు ఇంటికి ఫోన్ చేశాను. అత్తగారు పాపకు ఇచ్చింది. ఈ వారం రాలేనని, ఎండాకాలం సెలవుల దాకా ఇంతేనని మెల్లగా చెప్పాను. ఏడుస్తుందని తెలుసు. ఏం చెప్పి ఊరడించాలో ముందే అనుకుని పెట్టుకున్నాను.

సరేమ్మా అంది. కోపమొచ్చిందా అని అడిగాను.

"లేదమ్మా. నువ్వు రాకపోయినా నేనిప్పుడు ఏడవను. కావాలంటే నాయనమ్మను అడుగు."

ఆ మాట ఎంతో గర్వంగా చెప్పింది. ఏడువు తల్లీ, నన్ను రమ్మని పోట్లాడు అనాలనుకున్నాను. అప్పటికే ఫోన్ నాయనమ్మ చేతికిచ్చి ఆడుకోవడానికి పోయింది.