త్వేర్ మా ఊరు కాదన్నారు

మేం వలసవచ్చిన క్యారీలోని మా తెలుగు సంఘం ఈ ఏడాది సావనీర్‌లో ‘మా ఊరు’ అనే శీర్షిక పెట్టి, సభ్యులను తలా నాలుగు పేజీలు రాయమంది. నేను త్వేర్ గురించి రాశాను. మాస్కో నుంచి పీటర్స్‌బర్గ్ వెళ్ళే రైలుదారిలో, వోల్గా ఒడ్డున ఉంటుంది ఆ ఊరు. అక్కడ ఆరేళ్ళు వైద్యం చదివాను. ఆ చదువుతో ఇక్కడ నాకు రెసిడెన్సీ, అంటే డాక్టరు కావడానికి చేయాల్సిన ఆసుపత్రి శిక్షణ, రాలేదు. ఒక మందుల కంపెనీలో దుష్ఫలితాల రిపోర్టులు చదివే ఉద్యోగం చేస్తున్నాను. ఒక పుట్టినరోజు పార్టీలో నన్ను ‘రష్యా డాక్టరమ్మ’ అని పరిచయం చేసినావిడ ఆ రోజు ఏ చీర కట్టుకుందో నాకిప్పటికీ గుర్తుంది.

నేను రాసింది ఇదీ. వోల్గా అక్కడ ఇంకా చిన్న నదే. గోదావరిని చూసిన కళ్ళకి పెద్ద కాలువలా ఉంటుంది. ఊళ్ళోనే ఇంకో రెండు చిన్న నదులు వచ్చి అందులో కలుస్తాయి. ఒకప్పుడు ఆ ఊరి రాజులు మాస్కోతో పోటీపడి ఓడిపోయారు. ఆ తర్వాత అది రెండు మహానగరాల మధ్య మజిలీగా మిగిలింది. ఒకసారి ఊరు తగలబడితే, మహారాణి కొత్తగా కట్టించింది. ఒకే కూడలి నుంచి మూడు వీధులు వేళ్ళలా విడిపోతాయి. చలికాలం నది గడ్డకడితే, ముసలివాళ్ళు మంచుకి కన్నం చేసి, పెట్టెల మీద కూర్చుని చేపలు పట్టేవారు. నేను వచ్చేశాక, నది ఒడ్డున ఉన్న పడవల రేవు భవనం కూలిపోయింది. ఫొటో క్లాస్‌మేట్ల గ్రూపులో వచ్చింది. చూశాను. ఆ రోజు ఆఫీసులో మిగిలిన రిపోర్టులు చదవడం మొదలుపెట్టాను.

సోవియట్ల కాలంలో దాదాపు అరవై ఏళ్ళు ఆ ఊరికి ఒక నాయకుడి పేరు ఉండేది. తర్వాత పాత పేరు తిరిగొచ్చింది. మా హాస్టల్ గుమ్మం దగ్గర పాసులు చూసే ముసలావిడ కాగితాల్లో పుట్టిన ఊరు ఒకటి, ఉంటున్న ఊరు ఇంకొకటి. ఆవిడ ఎప్పుడూ ఊరు దాటి కాపురం పెట్టలేదు. “నేను పుట్టకముందే పేరు మార్చారు, నన్ను అడక్కుండానే తిరిగిచ్చారు,” అనేది, నా పాసు అటూ ఇటూ తిప్పుతూ.

శనివారం పొద్దున సంపాదకుడు ఫోన్ చేశాడు. రిటైరైన ఇంజనీరు, పెద్దమనిషి.

“ఆర్టికల్ చాలా బాగుందమ్మా. కానీ మన థీమ్‌కి సూట్ అవ్వట్లేదు. మీ నాన్నగారి ఊరు రాయకూడదూ?”

“మా నాన్నది బ్యాంకు ఉద్యోగమండీ. మూడేళ్ళకో ట్రాన్స్‌ఫర్.”

“పోనీ అమ్మగారిది?”

“అక్కడ మొత్తం కలిపి తొమ్మిది రోజులున్నాను.”

“అయితే దీన్ని ట్రావెల్ సెక్షన్‌లో వేద్దాం. పక్కన అలాస్కా క్రూజ్ ఉంది, మంచి కంపెనీ.”

“ఆరేళ్ళు ఎవరైనా టూర్ వెళ్తారా అంకుల్?”

ఆయన నవ్వాడు. “వందల ఏళ్ళ కిందట గుర్రం అమ్ముకోడానికి ఆ ఊరి నుంచి మన బీదర్ దాకా వచ్చిన వర్తకుడి ముక్క రాశారు చూశారూ, అది భలే ఉంది. అదొక్కటీ బాక్స్‌లో వేద్దామా?”

వద్దన్నాను. ఆ వర్తకుడు తిరిగి వెళ్తూ ఊరు చేరకుండా దారిలోనే చనిపోయాడని కూడా రాశాను. ఆ వాక్యం ఆయన చదివినట్టు లేదు.

మూడు రోజుల తర్వాత మళ్ళీ ఫోన్. ఈసారి గొంతు తగ్గించాడు. “కమిటీతో మాట్లాడానమ్మా. మా ఊరులోనే వేస్తాం, మీ మాటే నెగ్గింది. ఒక్క చిన్న ఎడిట్. ఊరి పేరు తీసేద్దాం. ‘ఒక నదీ తీర నగరం’ అందాం. రష్యా అన్న మాట కూడా వద్దు. అక్కడ వార్ నడుస్తోంది, మనవాళ్ళలో సగం మంది వీసాల మీదున్నారు. స్పాన్సర్లు ఏమంటారో...”

“పేరు లేని ఊరు ఎవరిదండీ?”

“అబ్బ, చదివేవాళ్ళు అంత పట్టించుకోరమ్మా.”

“అయితే వేయకండి.”

“ఇంత చిన్నదానికా? ఆలోచించుకోండి. శుక్రవారం దాకా టైముంది.”

ఆలోచించుకోలేదు. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని ఆ రోజే ఈమెయిల్ పెట్టాను. ఊరి పేరు ఎందుకు తీసేయమన్నారో కారణం కూడా రాసిమ్మన్నాను. జవాబు ఇంతవరకూ రాలేదు. ఆ వారమంతా నాకు కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. వ్యాసం ఏమైందని ఇంట్లో అడిగితే, పనుందని చెప్పాను.

ఉగాది వేడుకలో, హైస్కూల్ ఆడిటోరియం బయట బల్ల మీద సావనీర్లు పేర్చారు. అందులో ఒక కాపీ తెరిచి ఉంటే తిరగేశాను. ‘మా ఊరు’లో చాలా ఊళ్ళే ఉన్నాయి. కొన్నిటిని రాసినవాళ్ళు పదేళ్ళ వయసులోనే అక్కణ్ణించి వచ్చేశామని మొదటి వాక్యంలోనే చెప్పుకున్నారు. నా పేజీల చోట షాద్‌నగర్ దగ్గర ప్లాట్ల ప్రకటన ఉంది.

సంపాదకుడు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. మొహమాటపడుతున్నాడు. కొత్త కాపీ ఒకటి తీసి రెండు చేతులా అందించాడు.

“తీసుకోమ్మా.”

“వద్దండీ.”

“అయ్యో, ఫ్రీయేనమ్మా.”

“తెలుసండీ.”