వదిన చల్లిన రెండు చుక్కలు

మా వదిన చెయ్యి మంచిది కాదని మా ఇంట్లో అందరూ నమ్ముతారు. వదిన కూడా నమ్ముతుంది. నమ్మించింది నేను. ఇన్నేళ్లుగా ఈ సంగతి గుండెలో పెట్టుకుని అన్నం తింటున్నాను, అదీ ఆవిడ వడ్డించిన అన్నం. ఇక మొయ్యలేను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు, అందుకే మీకు చెబుతున్నాను. మొహం ఎరిగినవాళ్లకి చెప్పే ధైర్యమే ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు.

మాది కొత్తపేట దగ్గర ఊరు. అన్నయ్య పెళ్లి వీడియోలు తీస్తాడు. ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని ఎడిటింగ్ కూడా తనే చేసుకుంటాడు. మా వైపు ఉక్క మీరు ఎరిగే ఉంటారు. ఆకు కదలని మధ్యాహ్నాల్లో మనుషులే వడిలిపోతారు, ఇక ఆ పెట్టె ఎంత? పెద్ద వీడియో పెట్టగానే వేడెక్కి దానంతటదే ఆగిపోయేది. లోపలి ఫ్యాన్లు మార్చాం. మూత తీసేసి పక్కన టేబుల్ ఫ్యాను కూడా పెట్టి చూశాం. అప్పటికి నేను ఇంజనీరింగ్ పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు నేనే కట్టిపెడతానన్నాను.

చెప్పడానికి సులువే. వేడెక్కే ప్రాసెసర్ మీద ఒక రాగి దిమ్మ కూర్చోబెట్టాలి. చిన్న పంపు ఆ దిమ్మలోంచి నీళ్లు తోస్తుంది. వేడెక్కిన నీళ్లు పైపులోంచి రేడియేటర్‌కి వెళ్లి, చల్లబడి మళ్లీ తిరిగొస్తాయి. రాగి దిమ్మ ఆన్‌లైన్లో తెప్పించాను. పంపు అమలాపురంలో చేపల తొట్టెలమ్మే కొట్లో దొరికింది. రేడియేటర్ మాత్రం రావులపాలెం లారీ షెడ్ల దగ్గర, ఎవరిదో పాత కారులోంచి విప్పింది పట్టుకొచ్చాను. నీళ్లలో అక్కడే దొరికిన, కార్లలో పోసే ఆకుపచ్చ కూలెంటు కలిపాను. గాజులా కనిపించే పైపుల్లో ఆకుపచ్చ నీళ్లు తిరుగుతుంటే చూడముచ్చటగా ఉంటుందని. అదీ నేను చదివిన చదువు.

రేడియేటర్ మూతి సన్నం, నా పైపు వదులు. సరైన క్లిప్పు కోసం మళ్లీ రావులపాలెం వెళ్లాలి. బద్ధకించాను. కుళాయిలకి చుట్టే తెల్ల టేపు చుట్టి, పైన బైండింగ్ వైరు మెలిపెట్టాను. ఇలాంటిది కట్టాక కంప్యూటర్‌కి కరెంటివ్వకుండా, ఉత్త పంపునే ఒక పూటంతా తిప్పాలి. కింద పేపర్లు పరిచి ఎక్కడైనా తడి కనిపిస్తుందేమో చూడాలి. ఆ సంగతి నాకు తెలీదనుకోకండి. తెలుసు. కానీ మర్నాడు దసరా. ఆయుధపూజ రోజున మా ఇంట్లో కెమెరాలతో పాటు కంప్యూటర్‌కీ పూజ చేస్తారు. చుట్టాలు వస్తారు, వాళ్ల కళ్ల ముందు అది తిరగాలి. ఒకవేళ కారితే ఆ పూటకి తిరగదు కదా, అందుకని అసలు చూడనేలేదు. నడిపి చూశావా అని అన్నయ్య అడిగితే చూశానన్నాను. అది మొదటి అబద్ధం. చాలా చిన్నదనిపించింది.

పూజ వదిన చేసింది. పెళ్లయ్యాక మా ఇంట్లో ఆవిడకి అదే మొదటి దసరా. కెమెరాలకీ, కంప్యూటర్ పెట్టెకీ పసుపు రాసి బొట్టు పెట్టింది. గుమ్మం దగ్గర రాయి మీద కొబ్బరికాయ కొట్టి, చిప్పలో నీళ్లు వేళ్లతో తీసి అన్నిటి మీదా రెండేసి చుక్కలు చిలకరించింది. అది మా అమ్మ నేర్పిన పద్ధతే. నా పైపులు చూసి మేనత్త ముక్కున వేలేసుకుంది. అన్నయ్య భుజం తట్టాడు. ఆ పూట నాకంటే గొప్పవాడు కోనసీమలో లేడు.

అన్నయ్య ఒక పెళ్లి వీడియోని కంప్యూటర్‌కి అప్పగించి భోజనానికి వచ్చాడు. పులిహోర తింటుండగా కాలిన వాసన వచ్చింది. ముందు లేచింది నేను. ముందుగదిలోకి పరిగెత్తి స్విచ్ తీసి పెట్టె తెరిచాను. మూత మీద వదిన రాసిన పసుపు పొడిగా, చెక్కు చెదరకుండా ఉంది. లోపల పైపు ఊడిపోయి ఉంది. ఆకుపచ్చ నీళ్లు బోర్డంతా పరుచుకుని, అడుగున ఉన్న రెండు హార్డ్ డిస్కుల మీదకి కారుతున్నాయి. పెళ్లి మొత్తం ఒకదాంట్లో ఉంది, దాని కాపీ రెండోదాంట్లో. కెమెరా కార్డులు అప్పటికే తర్వాతి పెళ్లి కోసం చెరిపేశాం.

ఏం చేశానో విడమరిచి చెబుతాను, ఇది దాటవేస్తే మిగతాదంతా చెప్పీ ప్రయోజనం లేదు. భుజం మీది తువ్వాలుతో నీళ్లన్నీ తుడిచాను. పైపు మళ్లీ మూతికి తొడిగాను. ఆకుపచ్చబడ్డ తువ్వాలు కిటికీలోంచి అవతలి కొబ్బరి డొక్కల పోగు మీదకి విసిరేశాను. అన్నయ్య చెయ్యి కడుక్కుని వచ్చేలోపల ఇదంతా అయిపోయింది. అంత చురుకు నాకెక్కడిది? ఒక్క క్లిప్పు కోసం పక్క ఊరు వెళ్లి రాలేనివాణ్ని, తప్పు దాచడానికి ఇన్ని చేతులు ఎలా వచ్చాయి?

"ఏమైందిరా?" అన్నాడు అన్నయ్య.

"లోపల నీళ్లు పడ్డాయన్నయ్యా. వదినగారు ఇందాక కొబ్బరినీళ్లు చల్లేరు కదా..."

వాక్యం పూర్తి కూడా చెయ్యలేదు. వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది, చేతిలో గరిటెతో.

"రెండు చుక్కలేనండీ చల్లేను," అంది అన్నయ్యతో. తర్వాత నా వైపు తిరిగింది. "లోపలికెళ్లిపోయేయంటారా మరిదిగారూ?"

నిజంగానే అడిగింది. నన్ను నిలదీయలేదు. ఇంజనీరింగ్ చదివినవాణ్ని, నాకు తెలుస్తుందని అడిగింది.

"ఆయ్," అన్నాను.

కాదు అనడానికీ అంతే సేపు పట్టేది.

ఆ రోజు అమ్మ ఒక్క మాటే అంది, ఆ పిల్ల చెయ్యి మనకి అచ్చిరాలేదని. మళ్లీ అనలేదు. అనాల్సిన పనిలేకుండా అందరూ అదే అనుకోసాగారు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. నింద కూడా పల్లానికే పోతుంది. మా ఇంట్లో అందరికంటే పల్లంలో ఉన్నది కొత్తగా వచ్చిన మనిషి. అది ఆలోచించే అన్నానా? లేదనే చెప్పుకుంటూ వచ్చాను. మరి ఆలోచించకపోతే నా నోటికి ఆవిడ పేరే ఎందుకొచ్చింది? బల్లి పడిందనొచ్చు, కరెంటు ఎక్కువొచ్చిందనొచ్చు. ఇన్ని ఉండగా ఎదురు చెప్పలేని మనిషినే ఎలా వెతికి పట్టుకున్నాను?

డిస్కులు విజయవాడ తీసుకెళ్లి చూపించాం. నీళ్లు పడ్డాయి, ఇక రాదు అన్నారు. ఏ నీళ్లని ఎవరూ అడగలేదు, పైపులు నడిపి చూశానని నేను ముందే చెప్పాను కదా.

ఆ పెళ్లికూతురిది కాట్రేనికోన వైపు. పెళ్లయిన కొద్ది రోజులకే వాళ్ల నాన్నగారు పోయారు. వీడియో సంగతి చెప్పాక ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది. మొత్తం అక్కర్లేదంది. అప్పగింతలప్పుడు నాన్న ఏడుస్తూ ఏదో అన్నారని, ఆ ముక్క ఒక్కటి ఎక్కడైనా మిగిలిందేమో చూడమంది. అన్నయ్య తలొంచుకున్నాడు. వదిన లోపల్నుంచి వచ్చి ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని, నా వల్లే పోయిందమ్మా, నన్ను క్షమించు అంది. ఆ అమ్మాయి చేతులు విడిపించుకుని వెళ్లిపోయింది. నేను తలుపు వెనకే ఉన్నాను. అప్పుడైనా బయటికి రావచ్చు. కాళ్లు రాలేదు. ఛీ, కాళ్ల మీద పెడుతున్నాను ఇప్పుడు కూడా. నేను రాలేదు.

వదిన పుట్టింట్లో బంతినారు నాటాలంటే ఆవిడనే పిలిచేవారట, ఆ చేత్తో నాటితే ఎండదని. ఇప్పుడు మా పెరట్లో మొక్క కూడా పెట్టదు. కొబ్బరికాయ నాకిచ్చి కొట్టమంటుంది. కూతురి అన్నప్రాసన నాడు, మొదటి ముద్ద తల్లి పెట్టాలని అందరూ అంటుంటే, గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. నా చెయ్యి వద్దు, మీరు పెట్టండి మరిదిగారూ, అంది. పెట్టాను. పాప నవ్వింది. ముద్ద పాప గడ్డానికి అంటుకుంటే, కొత్త కదా అని అందరూ నన్ను ఆటపట్టించారు.

ఎన్నోసార్లు చెప్పబోయాను. వంటింటి గుమ్మం దాకా వెళ్లి, కాఫీ కావాలా అని ఆవిడ అడిగితే తాగి వచ్చేసేవాణ్ని. అన్నయ్య కొడతాడన్న భయం ఎప్పుడో పోయింది. ఆవిడ క్షమించేస్తుందేమోనని భయం. క్షమించకపోతే ఎలాగన్న భయం. చెబితే ఆ ఏళ్లన్నీ ఆవిడకి తిరిగొస్తాయా? రావు. చెప్పకపోతే రాబోయే ఏళ్లు కూడా పోతాయి. ఈ లెక్క తెలిసీ కాఫీ తాగే వచ్చేస్తాను.

మొన్న అన్నయ్య కొత్త కంప్యూటర్ తెచ్చాడు. పెట్టె విప్పుతుంటే చూద్దామని వదిన వచ్చింది. పాప పరిగెత్తుకెళ్లి గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాచింది. "నువ్వు రాకమ్మా, పాడైపోద్ది," అంది. ఎవరు నేర్పారో. ఎవరూ నేర్పక్కర్లేదు, పుట్టినప్పట్నుంచీ వింటూనే ఉంది. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. నవ్వి, గుమ్మం బయటే నిలబడింది. ఆ గదిలో నేనున్నాను, కొత్త కంప్యూటర్ వైర్లు కలుపుతూ, మంచి చెయ్యి గలవాణ్ని.

ఆ రాత్రే ఇది రాయడం మొదలుపెట్టాను. దీన్ని చదివి మీరు నన్నేమైనా అనుకోండి. వదినకి ఎప్పటికి చెబుతానో, అసలు చెబుతానో లేదో, మాటివ్వలేను. నా మాటకి విలువెంతో మీకీపాటికి తెలిసే ఉంటుంది. కానీ ఒక్కసారి, ఎక్కడో ఒకచోట, ఇది ఉన్నదున్నట్టు ఉండాలి.

వదిన చల్లినవి రెండు చుక్కలే. వాటికి పెట్టె మీది పసుపు కూడా తడవలేదు. లోపలి నీళ్లు నావి.