రాతి తోరణం మీద పది రంధ్రాలు

నేను సెక్యూరిటీ పని చేసే అపార్ట్‌మెంట్ వాళ్లు ఈ ఆదివారం పొద్దున, దారి తెలుసని నన్నూ వెంటబెట్టుకుని పుప్పాలగూడ గుట్టల్లోని రాతి తోరణం చూడ్డానికి వెళ్లారు. అడవిబాటలో గంట నడక. ఎవరూ చెక్కకుండానే రెండు గుండ్ల మీద వంపు తిరిగి నిలిచిన రాయి అది.

దాని మీద వరుసగా పది రంధ్రాలు కనిపించాయి. ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి వాటిలో వేలు పెట్టి ఫొటో దిగింది.

"ఆదిమానవులు చేసినవి అయ్యుంటాయండి," అంది అందరితో.

నేను పదేళ్లు క్వారీలో డ్రిల్లింగ్ చేశాను. రంధ్రాల అంచున తెల్లటి రాతిపొడి ఇంకా అలాగే ఉంది.

"కాదమ్మా, నిన్నమొన్న కొట్టినయి. ఇగ మందు పెట్టి పేలుస్తరు," అన్నాను.

"అబ్బా అంకుల్, మూడ్ పాడుచేయకండి. వచ్చే ఆదివారం పిల్లల్ని కూడా తీసుకొద్దాం."

"జర జల్ది తీస్కరాండ్రి," అన్నాను. అందరూ నవ్వారు.

రంధ్రాల వరుస గీత గీసినట్టు తిన్నగా ఉంది. నేనూ అలాగే కొట్టేవాణ్ని. పేల్చొచ్చా అని ఏ రాయి గురించీ ఎవరినీ అడగలేదు. ఇప్పుడు ఎవరికి చెప్పాలో తెలియడం లేదు. మీకు తెలిస్తే రాయండి. ఊరికే చూడాలనుకుంటే మాత్రం ఆదివారం దాకా ఆగకండి.