సైకిలు దిగే మేష్టారు

ఢిల్లేశ్వరరావు మేష్టారు సైకిలు ఎక్కగా చూసినవాళ్ళు ఉద్దానంలో తక్కువ. దిగగా చూసినవాళ్ళే ఎక్కువ. పెద్దలు ఎదురైతే సైకిలు దిగడం ఆ రోజుల్లో అందరికీ ఉన్న మర్యాదే. మామగారికి దిగేవారు, కరణంగారికి దిగేవారు, చదువు చెప్పిన గురువుకి దిగేవారు. మేష్టారు మాత్రం రెండు కాళ్ళ మీద నడిచే ప్రతి ప్రాణికీ దిగేవాడు. దిగి నమస్కారం పెట్టి ఊరుకుంటాడా? ఆ మనిషి పక్కనే సైకిలు నడిపించుకుంటూ, కబుర్లాడుతూ, వాళ్ళ వీధి మొగ దాకా వెళ్ళేవాడు. వాళ్ళు ఎదురుదిక్కుకి పోతూంటే తనూ వెనక్కి తిరిగేవాడు. టైర్లు కొత్తగానే ఉండేవి, చెప్పులు మాత్రం నెలకో జత అరిగిపోయేవి.

ఇలాంటి మనిషి పెళ్ళిచూపులకి బయలుదేరాడు. టెక్కలిలో గుమాస్తా చలపతిరావుగారి ఇంటికి పొద్దున్న ఫలహారం వేళకి రావాలి. పెళ్ళికూతురు లక్ష్మీకాంతం జడలో పూలు వాడిపోయాయి. ఉప్మా ఒకసారి చల్లారింది, వేడి చేస్తే మళ్ళీ చల్లారింది, ఆఖరికి ఆవుకి పోయింది. దీపాలు పెట్టే వేళకి పెళ్ళికొడుకు మోకాళ్ళ దాకా దుమ్ముతో గుమ్మంలో నిలబడ్డాడు.

"దారిలో సైకిలేమైనా పాడయిందా బాబూ?" అన్నాడు చలపతిరావు, అయిందనే ఆశతో.

"లేదండి, బాగానే ఉంది. దారిలో మనుషులు ఉన్నారండి," అన్నాడు మేష్టారు.

అతను వెళ్ళాక ఇంట్లో పంచాయితీ మొదలైంది.

"సైకిలున్నోడు నడిచి రావడమేటే? రేపు నా పిల్ల అన్నం మీద మూతెట్టుకుని, జన్మంతా గుమ్మంలో కూచోవాలా?" అన్నాడు చలపతిరావు.

"ఊరందరికీ నమస్కారం పెట్టినోడు పెళ్ళాన్ని తిడతాడేటి? మర్యాదస్తుడు," అంది భార్య వరహాలమ్మ.

"మర్యాదకి ఓ హద్దుండాల! తోవలో గేదె ఎదురైనా దిగుతాడట!"

"గేదెకి దిగలేదు నాన్నా. గేదె వెనకాల ముసలాయనకి దిగారు," అంది తలుపు వెనక నుంచి లక్ష్మీకాంతం. అంటే మనసు ఇచ్చేసిందన్నమాట. చలపతిరావుకి ఆ రాత్రి నుంచి నిద్ర పట్టలేదు. ఒక్కతే కూతురు. కాదంటే అలుగుతుంది, ఔనంటే ఆకలితో ఎదురుచూస్తుంది.

సరిగ్గా అప్పుడే కాశీబుగ్గ కుర్రాళ్ళ సంఘం సైకిలు పందెం ప్రకటించింది. మామూలు పందెం కాదు. రోడ్డు ముట్టుకోకూడదు. బోడికొండ రాళ్ళ మీదుగా, జీడితోటల ఇసకలో పడి సముద్రపు ఒడ్డు దాకా పోయి తిరిగి రావాలి. విశాఖపట్నంలో చదివొచ్చిన సూర్యప్రకాశ్ సంఘం కార్యదర్శి. "రోడ్డుంటే ముసలమ్మ కూడా తొక్కుతుంది. రోడ్డు లేనిచోట తొక్కడమే మగతనం," అని మైకులో చెప్పాడు.

చలపతిరావు మేష్టారికి కబురంపాడు: పందెంలో చేరాలి. గెలవనక్కర్లేదు. మనిషిని చూసి సైకిలు దిగకుండా వస్తే చాలు, పిల్లనిస్తాను. ఎప్పుడూ పందేనికి దిగని మేష్టారు, ఆ మాట మీద మొట్టమొదటిసారి పేరిచ్చాడు.

"తోటల్లో నేనే నిలబడి సూస్తాను," అన్నాడు చలపతిరావు భార్యతో.

"మిమ్మల్ని సూసి దిగితే?"

"పిల్లనివ్వను."

"కాబోయే మావని సూసి దిగకుండా పోతే?"

చలపతిరావు గతుక్కుమన్నాడు. "అలాంటి పొగరుబోతుకి పిల్లనెలా ఇత్తానే?" అనేశాడు. వరహాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది.

అందుకే పందెం నాడు ఆయన జీడిచెట్టు చాటున దాక్కున్నాడు. కనబడకపోతే దిగే బాధ ఉండదు. తోట దాకా తెచ్చిన ఎడ్లబండి తన దారిన పోయింది. మే నెల ఎండ, పెనం లాంటి ఇసక. చెట్టు చాటుకి ఇలా జరిగాడో లేదో, కుడికాలి చెప్పు ఉంగటం పుటుక్కున తెగింది.

మొదట సూర్యప్రకాశ్ నల్లకళ్ళద్దాలతో వచ్చాడు. ఇసక తగలగానే సైకిలు ఆగింది, అతను ఆగలేదు. మిగతావాళ్ళూ అంతే. ఎక్కడం, రెండు తొక్కులు తొక్కడం, కూలబడడం. దిగి తోయడం నామోషీ అని మళ్ళీ ఎక్కడం, మళ్ళీ కూలబడడం. ఒకడైతే విసుగొచ్చి చెట్టుకింద జీడిమామిడి పళ్ళు తింటూ కూర్చున్నాడు.

అందరికంటే వెనక మేష్టారు వచ్చాడు. ఇసక కనబడగానే శుభ్రంగా దిగాడు. పని అయిపోయిందనుకున్నాడు చలపతిరావు. వెంటనే గుమాస్తా బుర్ర అడ్డుపడింది: షరతు మనుషుల గురించి కదా, ఇసక మనిషి కాదు కదా! ఇంతలో చిత్రం జరిగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సైకిలు నడిపించినవాడితో నడకలో ఎవడు సరి తూగుతాడు? మేష్టారు ఇసకలో సైకిలుతో పెళ్ళినడక నడిచినట్టు నడుస్తూ ఒక్కొక్కడినీ దాటేశాడు.

"అదీ! పదవోయ్!" అని చెట్టు చాటున ఒంటి చెప్పుతో గంతేశాడు చలపతిరావు.

అప్పుడే అడ్డుబాట లోంచి నూకాలమ్మ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి, నెత్తి మీద జీడిమామిడి పళ్ళ తట్ట. మేష్టారు నడక తగ్గించాడు. చలపతిరావు తల పట్టుకున్నాడు.

"మేస్టరు బావూ, ఇయ్యాల పందెం గదా! ఎల్లిపోండి, ఎల్లిపోండి."

"ఎలాగూ దిగాను కదమ్మా. ఈ ఉత్త సైకిలు ఇసకలో తేలిపోతంది, మాట వినడం లేదు. వెనకాల కాస్త బరువుంటే తిన్నగా నడుత్తాది. ఆ తట్ట ఇలా పెట్టి పుణ్యం కట్టుకోండి."

నూకాలమ్మ ధర్మప్రభువులా తట్ట ఇచ్చింది. మేష్టారు దాన్ని తాడుతో కడుతూంటే ఆవిడ చెట్టు వైపు చూసింది. "ఎవులు బావూ, సెట్టెనకాల?"

చలపతిరావు బయటికి రాక తప్పలేదు. ఆవిడ గొంతు తగ్గించి అంది: "సూసినారా? మా బరువులు మొయ్యడానికి ఈ బావు ఆడే అబద్దాలు! మొన్న టైర్లో గాలి తక్కువన్నాడు, నిన్న కాలు పట్టీసిందన్నాడు. మోసెడతానంటే మాం ఇత్తామేటి? మాకు రోసం నేదా? అందుకే, మాం ఆయనికి సాయం సేత్తన్నామన్నట్టు మాటాడతాడు. మాం నమ్మినట్టు నటిత్తాం."

పెళ్ళిచూపుల నాటి నుంచి చలపతిరావు గుండె మీద కూర్చున్న బండరాయి ఆ ఇసకలో ఎక్కడో దొర్లిపోయింది. వెనక పడ్డవాళ్ళు లేచి ముందుకు పోతున్నారు. ఆయన పట్టించుకోలేదు.

నూకాలమ్మ ఇల్లు తోట చివరే. తట్ట దింపి మేష్టారు మళ్ళీ ఆ జీడిచెట్టు దగ్గరికి తిరిగొచ్చాడు. చెప్పు చేత్తో పట్టుకుని, కొంగలా ఒంటికాలి మీద నిలబడ్డ పెద్దమనిషిని చూశాడు. కాలి వైపు మాత్రం రెండోసారి చూడలేదు.

"బాబుగారూ, తట్ట దింపగానే సైకిలు మళ్ళీ తేలిపోతంది. తప్పుగా అనుకోకపోతే కాసేపు వెనకాల కూచుంటారా? నాకు మేలు చేసినట్టుంటాది."

చలపతిరావు ఎగాదిగా చూశాడు. అబద్ధమని తెలుసు. రోషం తనకీ ఉంది. "సరేలే. నీ ఇబ్బంది చూడలేకపోతున్నాను," అని దర్జాగా ఎక్కి కూర్చున్నాడు.

కాశీబుగ్గలో గెలిచినవాడి మెడలో దండ అప్పటికే వాడిపోయింది. పందిరి విప్పుతున్నారు. మేష్టారు చెమటలు కక్కుతూ సైకిలు నడిపించుకొచ్చాడు. వెనక సీటు మీద చలపతిరావు, చంకలో తెగిన చెప్పు పెట్టుకుని, ఊరేగింపులో పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఆయన వాళ్ళకి చెయ్యి ఊపాడు కూడా.

పందెం చూడ్డానికొచ్చిన వరహాలమ్మ ఆదుర్దాగా ఎదురొచ్చింది. "ఏటయింది? దిగాడా?"

"దిగాడు. నేనెక్కాను," అన్నాడు చలపతిరావు కాళ్ళు కిందికి దించుతూ. "పంతులుగార్ని పిలిపించు. పొద్దుటి ముహూర్తాలు మాత్రం చూడొద్దని మరీమరీ చెప్పు."