కడగని రీలు

కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే బస్సులో, కిటికీ పక్కన కూర్చున్న ఆమె ఒళ్లో దేన్నో కొంగుతో కప్పి రెండు చేతులా పట్టుకుంది. కోడిపిల్ల కాబోలనుకున్నాను. కథలాపూర్ దాటాక కొంగు అంచు కొంచెం ఎత్తి చూపించి, వెంటనే కప్పేసింది. పాత కెమెరా రీలు. డబ్బాలోంచి మొత్తం బయటికొచ్చి చుట్టలు చుట్టలుగా ఉంది.

"గిండ్ల మా బిడ్డ ఉన్నది తమ్మీ. రీలు పూర్తిగాకముందే జరమచ్చి సచ్చిపోయింది. కడిగిపిచ్చి ఫొటోలు సూసే ధైర్నం రాలే. ఇన్నేండ్లు సందుగల దాసిన."

"మరి ఇప్పుడెందుకక్కా?"

"దాని మొఖం యాదికత్తలేదు."

బస్సు ఆగింది. ఎవరో దిగారు. మళ్లీ కదిలాక తనే చెప్పింది.

"కోరుట్లల ఫొటోల దుకాణమాయనకిచ్చిన. గాయనకు అంతా కంప్యూటరే, రీలు ఎన్నడు సూడలేదట. ఫొటోలు యాడున్నయని, నేను వద్దనేలోపల్నే మొత్తం బయటికి గుంజిండు. సిరిసిల్లల కడిగేటాయన ఉన్నడన్నరు."

కడగని రీలుకు వెలుతురు తగిలితే అందులో ఏమీ మిగలదని నాకు తెలుసు. మా ఇంట్లోనూ అలాంటి కెమెరా ఉండేది.

"మా ఆయన అప్పుడే జెప్పిండు, ఎలుగు తగలనియ్యద్దని. గా దుకాణంల జరంతసేపే తగిలింది. గంతకేం గాదు గద?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

రుద్రంగి దగ్గర ఎండ మా వైపు తిరిగింది. ఆమె కొంగు సరిచేసుకుని, రీలు మీదికి పూర్తిగా వంగింది. సిరిసిల్ల వచ్చేదాకా అట్లాగే కూర్చుంది.