అమ్మమ్మ తిన్న చచ్చిన పిల్లి

వెల్లుల్లి వాసనే పడని లక్ష్మీకాంతం అమ్మమ్మ, అమెరికాలో, ఫ్రీమాంట్‌లోని ఒక డేకేర్ వంటగదిలో వంట చేస్తూ చచ్చిన పిల్లిని తినడం గురించి పాఠం నేర్చుకుంది.

నేర్పింది వింగ్, పక్క పొయ్యి దగ్గర నూడుల్స్ చేసే చైనా ఆవిడ, కాంటనీస్ మాట్లాడుతుంది. ఇద్దరి ఇంగ్లీషూ కలిపినా ఒక మనిషికి సరిపోదు. వింగ్ కొత్తిమీర తరగడం ఆపి, తన భాష మాటలకి చేతులతోనే అర్థాలు చెప్పేది. పని ఎగ్గొట్టేవాడు "సె వాంగ్", పాముల రాజు. చవక సరుకు కొని, మిగిలిన డబ్బు జేబులో వేసుకుంటే "దా ఫూ తావ్", గొడ్డలి దెబ్బ. ఇంకొకడి తప్పు నెత్తినేసుకుంటే "సిక్ సేయ్ మావ్", చచ్చిన పిల్లిని తినడం.

"రామ రామ! తినడానికి మీకింకేం దొరకలేదుటే?" అని చెవులు మూసుకుంది అమ్మమ్మ. ఇంటికెళ్ళి అంట్లు తోముకుంటూ వల్లెవేసింది మాత్రం అదే.

ఒక గురువారం అమ్మమ్మ మజ్జిగపులుసు తిన్న పిల్లలు వరసపెట్టి వాంతులు చేసుకున్నారు. వింగ్ ఆమెని స్టోర్‌రూమ్‌లోకి లాగి, ఏడుస్తూ సైగలతో చెప్పింది. సూపర్‌వైజర్ శ్రీధర్ పాడైన పెరుగు చవగ్గా తెచ్చాడట. దా ఫూ తావ్! అతను బెదిరిస్తే డబ్బాల మీద ఎక్స్‌పైరీ తేదీలు గీకేసింది తనేనట.

ఈలోగా ఓనర్ చాన్ వచ్చి అమ్మమ్మని అడిగాడు. "వడ్డించే ముందు రుచి చూశావా?"

"నెవర్!" అంది అమ్మమ్మ గర్వంగా. "దేవుడికి పెట్టకుండా ఎంగిలి చేస్తానా? పెళ్ళైనప్పట్నుంచీ వంట రుచి చూసి ఎరగను."

"విన్నారా సర్? టేస్ట్ కూడా చెయ్యదు!" అన్నాడు శ్రీధర్. అమ్మమ్మ వైపు వంగి, "ఒప్పేసుకోండి ఆంటీ, పెద్దవారు, గొడవెందుకు?" అన్నాడు తెలుగులో.

తాతయ్య డయాలసిస్ ఇన్సూరెన్స్ ఈ ఉద్యోగంతోనే ఉంది.

"నో సిక్ సేయ్ మావ్!" అని అరిచింది అమ్మమ్మ.

ఆవిడ నోట తన భాష విని చాన్ బిత్తరపోయాడు. "అయితే తప్పు ఎవరిది? నువ్వు చూశావా? చెప్పు."

వింగ్ కత్తి ఆగిపోయింది. శ్రీధర్ పేరు లాగితే తేదీలూ బయటికొస్తాయి, వింగ్ ఉద్యోగమూ పోతుంది. ఆమెకి ఇంట్లో పాలు తాగే పిల్ల.

అమ్మమ్మ పొయ్యి ఆర్పింది. తర్వాత ఏప్రన్ విప్పి మడతపెట్టింది.

"తప్పు నాదే సర్."

ఇంటికొచ్చి తాతయ్యకి అన్నం వడ్డించింది. "నువ్వు తినవే?" అంటే, కడుపు నిండిపోయిందంది. శనివారం డయాలసిస్‌కి ఎన్నింటికి బయల్దేరాలని ఆయన అడుగుతుంటే, ఉద్యోగం, ఇన్సూరెన్స్ పోయిన సంగతి చెప్పకుండా మజ్జిగ గ్లాసు ఆయన చేతికిచ్చింది.