దుప్పటి కట్టండి, అమ్మమ్మ వింటుంది

మా అమ్మమ్మ ఏ శబ్దాన్నీ ఎదురుగా పెట్టుకుని వినదు. మధ్యలో దుప్పటి కట్టాల్సిందే.

"కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ చెవులు అబద్ధాలాడతాయి" అన్నది ఆవిడ సిద్ధాంతం. ఆ సిద్ధాంతానికి మా ఇంట్లో ఒక చారల దుప్పటి బలైపోయింది. గోడకి రెండు మేకులు, మేకులకి తాడు, తాడు మీద దుప్పటి, దుప్పటి వెనక కుర్చీ, కుర్చీలో అమ్మమ్మ. శబ్దం ఇవతల, తీర్పు అవతల. విన్నాక పదికి మార్కులు వేస్తుంది. తొమ్మిది దాటి ఎవరికీ వేసిన పాపాన పోలేదు.

"పది ఎందుకు వెయ్యవు అమ్మమ్మా?" అని ఒకసారి అడిగాను.

"పది వేసేస్తే రేపటికేం మిగుల్తుందే?" అంది.

చదువుకీ నాకూ తొమ్మిదో తరగతిలోనే చెల్లు. ఆ లోపు నేను తెచ్చుకున్న మార్కులన్నీ కలిపినా ఆవిడ మా నీళ్ళ మోటారుకి వేసిన ఏడుకి సరిపోవు.

కాలింగ్ బెల్ కొనడానికి వెళ్ళినప్పుడు దుప్పటి చంకన పెట్టుకుని బయల్దేరింది. దుకాణం నడిమధ్యన నేనొక కొసా, మా అత్తయ్య ఒక కొసా పట్టుకుని నిలబడ్డాం. అత్తయ్య మొహం దాచుకోవడానికి ఇంకో దుప్పటి ఉంటే బాగుండేది. దుకాణం అతను అవతల నిలబడి ఒక్కో బెల్లూ మోగించాడు. అన్నిట్లోకీ చవకదానికి అమ్మమ్మ ఎనిమిది వేసింది.

"ఇది నీక్కూడా ఇష్టం కదూ?" అంది దుప్పటి వెనక నుంచి.

అతను నోరు తెరిచాడు. "అవునండీ! మా ఇంటికి ఇదే పెట్టుకున్నాను. మీకెలా తెలిసింది?"

"విన్నాను" అంది అమ్మమ్మ.

ఇంకోసారి మోకాలి నొప్పికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. అక్కడ పరీక్ష చేసే మంచానికి తెర కట్టి ఉంటుంది కదా, అది చూడగానే ఆవిడకి పుట్టింటికి వచ్చినట్టయింది. తెర వెనక చేరి, "డాక్టరుగారూ, అక్కణ్ణుంచి ఒకసారి దగ్గండి" అంది. పాపం, పెద్దావిడ అడిగిందని ఆయన దగ్గాడు.

"దగ్గుకి ఆరు. ఆ బూట్లు మాత్రం మార్చండి, కరుస్తున్నాయి."

డాక్టరు కుంటుకుంటూ అత్తయ్య దగ్గరికి వచ్చి, "ఈవిడకి బూట్లు కరవడం కూడా వినపడుతుందా?" అని చెవిలో అడిగాడు.

"అన్నీ వినపడతాయండీ. నేను గొణుక్కున్నవి తప్ప" అంది అత్తయ్య.

వినేటప్పుడు అమ్మమ్మ తల బాగా కిందికి వంచుకుంటుంది. ఎందుకని అడిగితే, "శబ్దం బరువైన వస్తువు. పైన నిలవదు, నేల మీదే ఉంటుంది" అని చెప్పింది. ఇది బళ్ళో చెప్పిన పాఠం కాదు కాబట్టి నేను వెంటనే నమ్మేశాను.

ఇక ఈ చెవులకి మొదటి బాధితుడు మా మావయ్య, అంటే అమ్మమ్మకి ఒక్కగానొక్క కొడుకు. వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని దుకాణాలకీ, ప్రకటనలకీ, లిఫ్టులకీ సంగీతం కడతాడు. ఎదురుగా పియానో మెట్లున్న చిన్న కీబోర్డు ఉంటుంది. మెట్టు నొక్కితే మోగేది మాత్రం కంప్యూటర్లో శబ్దాలు పుట్టించే ప్రోగ్రాం, సింథసైజర్. పాటలు కట్టే సాఫ్ట్‌వేర్‌తో పాటే ఒక సింథసైజర్ ఊరికే వస్తుంది. అది చాలదనుకున్నవాళ్ళు వేరే కంపెనీలు చేసిన సింథసైజర్లు, అంటే ప్లగిన్లు, తెచ్చి తగిలించుకుంటారు. అమ్మమ్మ భాషలో మొదటిది 'ఇంటిది', రెండోది 'బయటిది'.

మావయ్యకి పొరుగింటి పుల్లకూర రుచి. ట్యూను మూడొంతులయ్యేసరికి ఇంటిదాని మీద అనుమానం మొదలవుతుంది.

"లోతు లేదమ్మా దీనికి."

"బావిలో దిగి వాయించరా."

"వెచ్చదనం లేదు."

"స్వెటర్ వేసుకో."

అంతే, ట్యూను అక్కడే వదిలేసి బయటిదాని వేటకి బయల్దేరతాడు. కొత్త ప్లగిన్ తెరిస్తే తెర నిండా ఇత్తడి మీటల బొమ్మలు, రెండు పక్కలా నున్నటి చెక్క బొమ్మ. ఆ చెక్క వల్లే శబ్దానికి గుండ్రదనం వస్తుందని మావయ్య నమ్మకం.

"చెక్కే కావాలంటే మా తమ్ముడి ప్లైవుడ్ కొట్టులో బోలెడుంది. కొట్టు చూసుకోవడానికి మనిషి కూడా కావాలంటున్నాడు" అనేది అత్తయ్య.

మావయ్య నొచ్చుకునేవాడు. అమ్మమ్మ వెంటనే, "దుప్పటి కట్టండి!" అనేది. ఆయన రెండూ వాయించేవాడు. మొదట్లో బయటిది గెలవాలని దాని మోత పెంచేవాడు. అమ్మమ్మ ఊరుకునేదా? "గొంతు పెంచితే గెలిచినట్టా? మీ నాన్న వాదన కూడా ఇలాగే ఉండేది. రెండిటికీ ఒకే గొంతు పెట్టు!" అని అరిచేది. గొంతులు సమానం చేశాక తీర్పులొచ్చేవి. "ఇది తడి తువ్వాలు. మూడు." "ఇది అట్టపెట్టెలో దూరిన కందిరీగ. నాలుగు." "ఇది ఎనిమిది. ఏది ఇది? ఇంటిదేనా? చూశావా!" ఎప్పుడైనా బయటిదానికి కూడా ఎనిమిది పడేది. అన్యాయం చేసే మనిషి కాదు. దేనికి ఎనిమిది పడితే దానితో మావయ్య బుద్ధిగా ట్యూను పూర్తి చేసేవాడు. దుప్పటి లేకపోతే ఆయన జన్మలో ఒక్కటీ పూర్తయ్యేది కాదు.

అలాంటిది కిందటేడు రొట్టెల వ్యాను వచ్చి పడింది.

మా వీధి చివర బేకరీ యజమానికి పొద్దున్నే వీధులన్నీ తిరిగే వ్యాను ఉంది. దానికి ఒక చిన్న ట్యూను కావాలన్నాడు. మావయ్య కట్టినవి ఒకటొకటిగా తిప్పికొట్టాడు. ఒకటి ఆంబులెన్సులా ఉందన్నాడు, ఒకటి వింటే ఆకలి చచ్చిపోతోందన్నాడు. మావయ్య డీలా పడిపోయాడు. "ఇదే ఆఖరిది. ఇదీ నచ్చకపోతే కీబోర్డు కట్టేసి నీ తమ్ముడి కొట్టుకే పోతాను" అని అత్తయ్యతో అనేశాడు. అన్నాళ్ళూ ఆ మాట కోసమే పోరిన అత్తయ్య, తీరా విన్నాక పోపు మాడ్చేసింది.

బేకరీ యజమాని ఆఖరి ట్యూను వినడానికి స్వయంగా వచ్చాడు. మీసాలకి పిండి, మాటకి దర్పం.

"ముందే చెప్తున్నా. సాఫ్ట్‌వేర్‌తో ఊరికే వచ్చిన శబ్దం నా వ్యానుకి పెట్టకండి. నాసిరకం పిండి నేను వాడను, నాసిరకం మోత నాకొద్దు. నాకు చెవి ఉంది."

"రెండున్నాయిగా" అన్నాన్నేను, ఆయన చెవులకేసి చూస్తూ.

"నువ్వు నోర్ముయ్యవే. దుప్పటి కట్టు" అంది అమ్మమ్మ.

మావయ్య ముందు ఇంటిదానితో వాయించాడు. యజమాని పెదవి విరిచాడు. "సన్నగా ఉంది. నీళ్ళ పాలు."

తర్వాత చెక్క బొమ్మల ప్లగిన్ తెరిచి, ఇత్తడి మీటలు రెండు అటూ ఇటూ తిప్పి, ఊపిరి బిగబట్టి మళ్ళీ వాయించాడు. యజమాని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఆహా! ఇదీ! వెన్నండీ, వెన్న!"

"ఆ లోతు చూశారా?" అన్నాడు మావయ్య, కళ్ళు చెమర్చి.

"మునిగిపోయాను!"

దుప్పటి వెనక నుంచి గొంతు వచ్చింది. "రెండూ ఒకటే. చెరో తొమ్మిది."

యజమాని జాలిగా నవ్వాడు. "పెద్దవారు కదా. చెవులు..."

"నా చెవుల సంగతి తర్వాత. రెండూ ఒకటేనన్నాను."

మావయ్య కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు. యజమాని మెచ్చుకున్నాడన్న సంతోషం ఎటు పోయిందో. "అమ్మా, నీ చెవులు చూసుకునే కదా నేనింతకాలం నెట్టుకొచ్చాను. నీక్కూడా తేడా తెలియకపోతే ఇంకెవర్ని అడగను? పద, ప్లైవుడే నయం" అన్నాడు.

అత్తయ్య గబగబా కంప్యూటర్ దగ్గరికి వచ్చింది. కళ్ళజోడు సవరించుకుని తెర మీద వేలు పెట్టింది. "ఏమండీ, ఆ కొత్తదాని పక్కన ఎర్రగా వెలుగుతోందే, అదేమిటి?"

మావయ్య చూశాడు. ఇంకోసారి చూశాడు. కంగారులో ఇంటిదాని బదులు కొత్త ప్లగిన్‌ని మ్యూట్‌లో పెట్టేశాడు. బయటిది నోరే విప్పలేదు. రెండుసార్లూ మోగింది ఇంటిదే. ఆయన తిప్పిన ఇత్తడి మీటలు గాల్లో తిరిగాయి, యజమాని తిన్న వెన్న బొమ్మలోది.

యజమాని మొహం పిండి రాసుకున్న చోటల్లా తెల్లగా, మిగతా చోటల్లా ఎర్రగా అయింది. అవమానం పట్టలేక మా మీద విరుచుకుపడి వెళ్ళిపోతాడేమో, మావయ్య నేరుగా ప్లైవుడ్‌లో పడతాడేమోనని నాకు భయమేసింది. అమ్మమ్మ అందుకుంది.

"బాబూ, తప్పు నీది కాదు. నీ రొట్టె కూడా కాగితంలో చుట్టిస్తే ఒక రుచి, అందమైన పెట్టెలో పెట్టిస్తే ఒక రుచి. అవునా, కాదా?"

యజమాని గొంతు తగ్గించాడు. "పెట్టెలో పెడితే రెట్టింపు అమ్ముడవుతాయండీ. లోపల రొట్టె ఒకటే."

"మరి? కూర్చో. ఈసారి కళ్ళు మూసుకో. ఒరే, ఆ బయటిదాన్ని నిజంగా మోగించు."

ఆయన కూర్చోబోతూ తాడు పట్టుకున్నాడు. మేకు ఊడింది. దుప్పటి జారిపోకుండా నేను ఎగిరి కొస అందుకుని, గోడవార అమ్మమ్మ పక్కన నిలబడ్డాను. అంతవరకు దుప్పటి వెనక వంచుకున్న ఆవిడ మొహం చూసే భాగ్యం ఎవరికీ కలగలేదు.

అమ్మమ్మ కళ్ళు మూసుకోలేదు. గుడ్లప్పగించి కిందికి చూస్తోంది. ఆ దుప్పటి నేలకి జానెడు కురచ. ఆ జానెడు సందులోంచి మావయ్య పాదాలు కనిపిస్తున్నాయి.

బయటిది మోగింది. అది వేలు నొక్కాక కాస్త ఆలోచించుకుని గానీ పలకడం లేదు. మావయ్య పాదాలు రెండూ చల్లారిన దోసెల్లా నేలకి అంటుకుపోయి ఉన్నాయి.

"నాలుగు" అంది అమ్మమ్మ. "ఇప్పుడు ఇంటిది."

ఇంటిది మొదలైంది. మావయ్య కుడికాలి బొటనవేలు లేచింది. పడింది. మళ్ళీ లేచింది. కాసేపటికి మడమ కూడా తోడైంది. తర్వాత ఎడమకాలు మాత్రం ఎందుకూరుకుంటుంది? నేను నోరు తెరవబోయాను. అమ్మమ్మ నా వైపు తిరిగి కన్ను కొట్టింది.

"తొమ్మిది!"

యజమాని కళ్ళు మూసుకునే అన్నాడు. "ఇదే పెట్టండి. ఇందాకటిది రొట్టె కాలకముందే పొయ్యిలోంచి తీసినట్టుంది."

మావయ్య ఎగిరి గంతేశాడు. అత్తయ్య కళ్ళు తుడుచుకుని, ఉల్లిపాయలని అబద్ధమాడింది. ఉల్లిపాయలు వంటింట్లో ఉన్నాయి.

అందరూ బయటికి వెళ్ళాక నేను నిలదీశాను. "అమ్మమ్మా, నువ్వసలు వింటావా?"

"మాటలు వినపడతాయే. ఇంటిదీ బయటిదీ అంటారా, రెండూ నాకు పక్కింటి మిక్సీలానే ఉంటాయి."

"మరి కాలింగ్ బెల్లు?"

"ఆ ఒక్కటి మోగినప్పుడే వాడు మునివేళ్ళ మీద లేచాడు."

"డాక్టరు బూట్లు?"

"కుడి బూటులోంచి మడమ సగం బయటికి తీసి నిలబడ్డాడు. అది కూడా వినాలా?"

"ఆ సంగతి మావయ్యకి చెప్పొచ్చుగా? నీకు నచ్చింది ఇదేరా అని."

అమ్మమ్మ దుప్పటి మడత పెడుతూ అంది. "వాడికి నచ్చిందంటే వాడు నమ్మడే. శబ్దం బాగుందంటే నమ్ముతాడు. ఎదురుగా కూర్చున్నాననుకో, నా మొహం చూసి నాకోసం వాయిస్తాడు. దుప్పటి ఉంటే వాడికోసం వాడు వాయించుకుంటాడు. ఆ కాలికి తెలిసిందే వాడి నోటికి చెప్తున్నా, అంతే."

ఇదంతా ఇలా బయటపెడితే మావయ్య చదవడా అని మీకు అనుమానం రావచ్చు. మావయ్య చెక్క బొమ్మ లేనిదేదీ చదవడు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే రొట్టెల వ్యాను మా వీధిలోంచి వెళ్తుంది. ఆ సమయానికి అత్తయ్య పొయ్యి దగ్గర ఉంటుంది. ఆవిడ చెప్పు టకటకమనడం చూసి అమ్మమ్మ, "వ్యాను వచ్చినట్టుంది" అంటుంది. తమ్ముడి కొట్టుకి ఎవరో మనిషి దొరికాడని అత్తయ్యే మాకు చెప్పింది, మేము అడక్కుండానే.

ఒక్క చిక్కు వచ్చింది. వ్యాను పని గెలిపించిందన్న ఆనందంలో మావయ్య అమ్మమ్మకి కొత్త దుప్పటి తెచ్చాడు. మందంగా, పువ్వులతో, నేలని తాకేంత పొడుగు. సంబరంగా తాడు మీద పరిచి వాయించడం మొదలెట్టాడు. దుప్పటి వెనక నుంచి చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు.

"ఎన్నమ్మా?"

"ఒరే... ఇవాళ నాకు జలుబు" అంది అమ్మమ్మ.

మావయ్య కషాయం కోసం వంటింట్లోకి పరిగెత్తాడు. నేను కత్తెర కోసం పరిగెత్తాను. ఆయన వచ్చేలోపు ఆ పువ్వుల దుప్పటి అడుగున జానెడు మేర కరకరా కత్తిరించేశాను. వంకరగానే వచ్చింది. చేతిపని కూడా తొమ్మిదో తరగతితోనే ఆగిపోయింది మరి.

"అయ్యో, ఇదేమిటి?" అన్నాడు మావయ్య, గ్లాసుతో గుమ్మంలో నిలబడి.

"కొత్త గుడ్డ కదా మావయ్యా, కుంచించుకుపోయింది."

"ఉతక్కుండానే?"

"నాసిరకం. బయటి కంపెనీది."

మావయ్య తల ఊపి కీబోర్డు ముందు కూర్చున్నాడు. నేను దుప్పటి వెనక్కి వెళ్ళి, అమ్మమ్మ చెవిలో అడిగాను. "కత్తెర చప్పుడు ఎలా ఉంది?"

"నాకేం వినపడలేదు" అంది అమ్మమ్మ, కింద సందులో లేస్తున్న బొటనవేలు మీంచి చూపు తిప్పకుండా. "పది."